పాటలో లేని బేస్తారం

ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డి అడ్డాలో ఆగేటప్పటికి సిద్దిరాములు జేబుగడియారంలో మూడు కావడానికి అయిదు నిమిషాలుంది. వేళల పట్టీ ప్రకారం రావలసింది రెండున్నరకు. యుద్ధం వచ్చాక ఈ బస్సు బొగ్గు పొగ మీద నడుస్తోంది, వేళకు రావడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి ఎల్లారెడ్డిలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాడు ఠాణా అమీన్ జహూర్ సాబ్ ఒక్కడే. ఆయనకు తెలియకపోబట్టే ఒక ఆడమనిషి ఈ సాయంత్రం అయిదు గంటల రైలుకు బేడీలతో జిల్లా జైలుకు పోబోతోంది.

రెండు గంటల వ్యవధి. సిద్దిరాములు అన్నం సంగతి మరిచిపోయి ఠాణా దారి పట్టాడు.

ఈయన ఒకప్పుడు ఖుఫియా, అంటే రహస్య పోలీసులో జమేదారు. పైవాడు రాయమన్న అబద్ధపు కాగితం రాయనన్నందుకు నౌకరీ ఊడింది. పోతే పోయిందని వకీళ్ల తరఫున కేసుల ఆరా తీసే పనిలో దిగాడు. మొండిఘటం. కాదని ఎవరైనా అంటే చాలు, అదెందుకు కాదో చూస్తానని బయలుదేరే రకం.

కేసు చూడబోతే చిన్నదే. నిన్న మంగళవారం మధ్యాహ్నం, మూడు కాకముందే, గ్రామఫోన్ రికార్డులు అమ్మే యాకూబు తన దుకాణంలోనే తల పగిలి పడ్డాడు. గ్రామఫోన్ తిప్పే ఇనుప పిడి నెత్తురుతో పక్కనే ఉంది. మనిషికి ఇంకా స్పృహ రాలేదు. అతని పక్కన చతికిలబడి ఉన్నది ఎల్లారెడ్డి ఈరవ్వ, ఒడిలో పగిలిన రికార్డు ముక్కలు. అమీన్ సాబుకు ఇంతకన్న ఇంకేం కావాలి, అక్కడికక్కడే పట్టుకున్నాడు.

ఈరవ్వ నాట్లకు పోయే మనిషి. ఆరేళ్ల కింద సికింద్రాబాదుకు వచ్చిన ఒక చిన్న కంపెనీ ఆమె చేత రోజుకో చరణం చొప్పున వారమంతా సాగే నాటు పాట పాడించి రికార్డు తీసింది. వంద కూడా అమ్ముడుపోలేదు, కంపెనీయే మూతపడింది. రెండేళ్ల కింద మద్రాసు కంపెనీ ఒకటి అదే పాటను కనకరత్నమనే నాటకాల గాయని చేత, హార్మోనియం, ఫిడేలు పెట్టి పాడించింది. ఇక చూసుకోండి. పెండ్లి పందిట్లో అదే, చాయ్ హోటల్లో అదే, టూరింగు టాకీసులో బొమ్మ మొదలయ్యే ముందు అదే. మొన్నటి జాతరలో ఈరవ్వ తన పాట తాను పాడితే, కనకరత్నం పాట మంచిగానే పట్టినవే అని జనం మెచ్చుకున్నారు. ఒళ్లు మండదా మరి? తిన్నగా వకీలు దగ్గరికి పోయింది. నీ పాత రికార్డు ఒక్కటైనా తెస్తే దావా వేద్దామన్నాడు వకీలు. ఆ ఒక్కటీ యాకూబు దగ్గర ఉందని తెలిసి, నిన్న దాని కోసమే బస్సెక్కి వచ్చింది.

ఠాణాలో ఈరవ్వ నేల మీద గోడకానుకుని కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, నీళ్లలో నాని నాని పగిలిన పాదాలు, చేతులకు బేడీలు. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. బెంచీ మీద మాత్రం ఒక పెద్దమనిషి కాలు మీద కాలేసుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. ఇస్త్రీ పంట్లాము, కాళ్ల దగ్గర వెడల్పాటి మడతలు, చేతికి గడియారం. మద్రాసు కంపెనీ పంపిన ప్రైవేటు డిటెక్టివునని తనే చెప్పుకున్నాడు. పేరు శేషాచలం. ఈ పొద్దుటి రైలుకే కామారెడ్డిలో కాలు పెట్టాడట. యాకూబు దుకాణం ఏ మూల ఉందో కూడా తెలియదట.

సిద్దిరాములు ముందుగా బస్సు లెక్క తేల్చాడు. నిన్న లింగంపేట దాటినాక టైరు పగిలింది, బస్సు అడ్డాకు చేరింది మూడూ అయిదుకు. డ్రైవరూ, మరో తొమ్మిదిమందీ ఈ పొద్దున ఎల్లారెడ్డిలో అదే మాట చెప్పారు. ఈరవ్వను అడిగితే, గంటలు నిమిషాలు తనకు ఎరుకలేదనీ, టైరు పగిలిన చోట ఆడవాళ్లంతా దిగి చింత కింద కూర్చున్నామనీ చెప్పింది. దిగీ దిగగానే దుకాణానికి నడిచింది. లోపలికి పోతే యాకూబు పడి ఉన్నాడు, తన పేరున్న రికార్డు ముక్కలై ఉంది. చదువు రాకపోయినా రికార్డు నడుమ అంటించిన చీటీ మీది బొమ్మను ఆమె గుర్తుపడుతుంది. ముక్కలు ఒడిలోకి ఎత్తుకుని అరిచింది.

అమీన్ సాబ్ కుర్చీలో అటూ ఇటూ కదిలి, పట్టీలో రెండున్నర అని ఉందన్నాడు. తొమ్మిదిమందీ ఆమె ఊరివాళ్లే, ఆమె పక్షానే చెబుతారన్నాడు.

సిద్దిరాములు ఈరవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెల్లె, ఆ పాటల బేస్తారం ఎందుకు లేదు?"

ఈరవ్వ తలెత్తింది. పాటలో గురువారం చరణం ఏదని ఆరేళ్లలో ఆమెను అడిగిన మొదటి మగవాడు ఇతనే.

"గోడకు ఎర్రదీపం పెట్టిండ్రన్నా. అది ఎలిగితే రికార్డుల జాగ అయిపోయినట్టు, జల్ది ముగించమన్నరు. నేను బుధారం కాడికొచ్చిన, దీపం ఎలిగింది. ఏం చేస్త? బేస్తారం ఇడిచిపెట్టి శుక్కురారం అందుకున్న. గా సంగతి ఇంక మనసుల పొడుస్తనే ఉంటది." ఆ వెంటనే, "ఆఖర్న..." అంటూ ఇంకేదో చెప్పబోయింది.

సిద్దిరాములు చెయ్యెత్తి ఆపేశాడు. ఆఖర్న ఏం జరిగిందో పొద్దున ఎల్లారెడ్డిలో ఆమెతో నాట్లు వేసే రామవ్వ చెప్పనే చెప్పింది. అది ఈ గదిలో ఇంకొకరి చెవిన పడటం ఆయనకు ఇష్టం లేదు.

శేషాచలం నవ్వాడు. "అసలలాంటి రికార్డే లేదయ్యా. ఆ యాకూబు ఎవరి చేతనో చీటీ అచ్చు వేయించి, మా రికార్డుకి అంటించి ఈవిడకి అంటగట్టబోయాడు. బేరం చెడింది, ఈవిడ బుర్ర బద్దలు కొట్టింది. ఈవిడ గొంతు నేనెన్నడూ వినలేదు, వినేవాళ్లూ ఎవరూ లేరు. మా కనకరత్నం గారు ఈ పాట వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నారు."

"అమ్మమ్మ గూడ బేస్తారం ఇడిచిపెట్టిందా?"

"పాటలో ఉన్నవి ఆరు రోజులే. దేశమంతా ఆరే పాడుతున్నారు."

"నాకొక్క ముచ్చట చెప్పు పంతులూ," అన్నాడు సిద్దిరాములు నిమ్మళంగా. "దొర తన పొలంల వెట్టికి రమ్మంటడు, ఆడోళ్లు రామంటరు. బుధారం నాడు దొర వచ్చి తట్ట గుంజుకుంటడు. శుక్కురారం నాడు గదే దొర నారుకట్ట నెత్తిన పెట్టుకొని బురదల దిగుతడు. నడుమ ఏమైంది? గంత దొర ఊకెనే ఎట్ల దిగిండు?"

"జానపదాల్లో అర్థాలు వెతక్కూడదయ్యా."

"అర్థం మాకున్నది. మీ రికార్డుల లేదు. ఎర్రదీపం భయానికి ఈమె ఇడిచిన జాగను మీరు గట్లనే ఎత్తుకపోయిండ్రు."

శేషాచలం సిగరెట్టు నలిపేసి, సర్కారు నౌకరీ ఊడగొట్టుకున్నవాడితో తనకు వాదమేమిటని అమీన్ సాబు వైపు తిరిగాడు. ఆ మాట సిద్దిరాములుకు కారం పెట్టినట్టే తగిలింది. ఊడగొట్టుకున్నది నేనే, మళ్లీ అడిగినా అదే చేస్తానని చెప్పాడు. అమీన్ సాబ్ ఇద్దరినీ చూసి బల్ల మీద చెయ్యి కొట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి అంతే.

"ఈమె కాకుంటె ఇంకెవరో చూపెట్టు సిద్దిరాములూ. అయిదు గంటల బండి దాక టైమిస్తున్న. అటెన్క నన్ననొద్దు."

యాకూబు దుకాణానికి నిన్న సాయంత్రమే లక్కముద్ర వేశారు. జవాను దాన్ని పగలగొట్టి తలుపు తీసేసరికి మూడున్నర. లోపల ఒక బల్ల, గోడ పొడుగునా రికార్డుల అరలు, వెనక సందులోకి ఒక చిన్న తలుపు. ఆ తలుపుకు బయట ముద్ర ఉన్నా లోపలి గడియ తీసి ఉంది. వచ్చినవాడు అటే వచ్చి అటే పోయాడని తేలడానికి ఖుఫియా చదువేమీ అక్కర్లేదు.

ఠాణా నుంచి గుడ్డలో కట్టి తెచ్చిన ముక్కలను సిద్దిరాములు బల్ల మీద పరిచి, చెదిరిన రొట్టెను కలిపినట్టు ఒకదాని పక్కన ఒకటి చేర్చాడు. అన్నీ అతికాయి. అంచు దగ్గర మాత్రం బొటనవేలి గోరంత ఖాళీ మిగిలింది. నేల ఊడ్పించాడు, బల్ల జరిపించాడు, ఈరవ్వ కొంగు నిన్ననే దులిపారని జవాను చెప్పాడు. ఆ పెంకు ఎక్కడా లేదు.

తరువాత నడుమ ఉన్న చీటీని చూశాడు. ఈరవ్వ పేరున్న చీటీయే. కానీ వేలితో తడిమితే అంచు లేచింది, కింద ఎండిన జిగురు గరగరలాడింది. చీటీ మీద ఒక నంబరుంది. చీటీ చుట్టూ ఉన్న నల్లటి లక్కలో సన్నగా గీకిన నంబరు వేరే ఉంది. అరలోంచి కనకరత్నం రికార్డు ఒకటి దించి పక్కన పెట్టి చూశాడు. గీకిన నంబరు దానిదీ, దీనిదీ ఒకటే.

సిద్దిరాములు మీసం దువ్వుకున్నాడు. అంటే పగిలింది ఈరవ్వ రికార్డు కానే కాదు. కనకరత్నం రికార్డుకు ఈరవ్వ చీటీ అంటించి పెట్టారు. ఆ పంతులు అన్న మాట సగం నిజమే, యాకూబు అంటించాడు. మరి ఒక చీటీ ఇటు వస్తే, రెండో చీటీ ఎటు పోయినట్టు? వెనక గూట్లో మైదాపిండి జిగురు గిన్నె, తడిగుడ్డ కనిపించాయి. అరలోని కనకరత్నం రికార్డులు నాలుగూ తీసి చీటీలు తడిమాడు. ఒక్కటీ లేవలేదు. నాలుగూ పదీ అయింది.

అప్పుడే ఎదుటి ఘనీ హోటల్లోంచి పాట మొదలైంది. అదే పాట. సిద్దిరాములు రికార్డు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గొంతులో హార్మోనియం లేదు, ఫిడేలు లేదు.

హోటలుకు పోయేసరికి ఘనీ పాట చివరి మాట కాగానే ముల్లు ఎత్తేశాడు. యుద్ధంలో సూదులు దొరకడం లేదనీ, పాట అయినాక వట్టి గరగరకు సూది అరగడమెందుకనీ అతని లెక్క. చాయ్ పోస్తూ పోస్తూ చెప్పవలసినవన్నీ చెప్పాడు. నిన్న గూడ్సు బండి పోతుంటే ఎదుటి దుకాణంలో దబ్బుమని చప్పుడైంది, బండి అదురనుకున్నాడు. తరువాత చాలాసేపటికి ఎల్లారెడ్డి బస్సు హారను వినిపించింది. హారను వినగానే చాయ్‌పత్తా నీళ్లు పొయ్యి మీద పెట్టడం అతనికి అలవాటు. నీళ్లు కాగకముందే ఈరవ్వ అరుపు. గూడ్సు పోయింది రెండూ యాభైకి. స్టేషన్ వాళ్లు రాసుకున్న వేళ అది, నిన్నటి బండ్ల వేళలన్నీ సిద్దిరాములు పొద్దున బస్సెక్కక ముందే చూసి వచ్చాడు.

"ఈ రికార్డు ఎప్పటిది ఘనీ భాయ్?"

"మూడు దినాలైతది. పాతది అరిగిందని యాకూబే ఇచ్చిండు. పైస అడగలే. ఎవలడిగినా ఇయ్యకు, కన్ను పెట్టి చూసుకో అన్నడు. బోధన్‌ల, మెదక్‌ల ఎవడో పాత రికార్డులు ఏరి కొని ఇరగ్గొడుతున్నడట, గందుకే భయం అన్నడు. నాకు సమజ్ కాలే. గిరాకులైతె గొంతు మొరటుగున్నది, మార్చుమంటున్నరు."

సిద్దిరాములు రికార్డు మీది కనకరత్నం చీటీని బొటనవేలితో తడిమాడు. అంచు లేచింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అవును, పోలీసు పని చేసినవాడికి కూడా తిరుగుతాయి. దేశమంతా వెతికి విరగ్గొట్టిన గొంతు మూడు రోజులుగా నడిబజారులో, పరాయి పేరు కప్పుకుని, రోజుకు పది మార్లు పాడుతోంది. యాకూబు తల పగిలింది దీన్ని దాచినందుకే.

ఘనీకి ఒకే ఒక్క మాట చెప్పాడు. ఈసారి ముల్లు ఎత్తొద్దు.

నాలుగూ నలభైకి ఈరవ్వను నడిపించుకుంటూ అమీన్ సాబ్ స్టేషనుకు బయలుదేరాడు. వెంట ఇద్దరు జవాన్లు, పక్కన శేషాచలం. సిద్దిరాములు హోటలు మెట్ల మీద అడ్డం నిలబడి, జైలుకు పోయే మనిషికి ఒక చాయ్ అయినా తాగనివ్వండి అన్నాడు. బండికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అమీన్ సాబ్ కాదనలేదు. శేషాచలం కుర్చీ లాక్కుని కాలు మీద కాలేశాడు. హోటల్లో జనం ఈరవ్వ బేడీల వంక చూసి పక్కకు జరిగారు. ఆమె ఎవరి వంకా చూడకుండా బెంచీ చివర కూర్చుంది.

ఘనీ పిడి తిప్పి రికార్డు పెట్టాడు.

మొదటిదైన ఆయితారం చరణానికే ఈరవ్వ కప్పు కింద పెట్టేసింది. శేషాచలం కప్పు నోటి దాకా పోయి ఆగింది. సోమారం, మంగళారం పోయాయి. బుధారం చరణంలో దొర తట్ట గుంజాడు. అక్కడ ఒక చిన్న తడబాటు, వినీవినిపించని ఊపిరి. వెంటనే శుక్కురారం. శనారంలో ఆడవాళ్లు నవ్వారు. పాట అయిపోవస్తోంది.

శేషాచలం కప్పు వదిలేశాడు. ఒక్క అంగలో బల్ల దగ్గరికి ఉరికి ముల్లు మీద చెయ్యి వేయబోయాడు. సిద్దిరాములు దాని కోసమే కాచుకుని ఉన్నాడు, మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు.

"ఏంది పంతులూ, గంత తొందర? పాట ఒడిసింది. ఇంక గరగరనే కద."

"వదులు. అది... అది అరిగిపోతుంది."

"ఆ గొంతు ఎన్నడూ వినలేదంటివి. ఆఖర్న ఏమున్నదో నీకెట్ల ఎరుక?"

సూది గరగరలాడుతూ తిరిగింది. ఆ గరగరలోంచి, ఆరేళ్ల కిందటి గదిలోంచి, కాస్త బెదురుతో కాస్త గర్వంతో ఒక ఆడగొంతు మాట్లాడింది. "నా పేరు ఈరవ్వ. మాది ఎల్లారెడ్డి."

హోటల్లో వాళ్లు ఈరవ్వ వైపు తిరిగారు. అమీన్ సాబ్ రికార్డు వంక చూశాడు, బెంచీ చివర ఉన్న మనిషి వంక చూశాడు. సిద్దిరాములు అమీన్ సాబుకు విడమరిచి చెప్పాడు. ఆ రోజుల్లో చిన్న కంపెనీలు కొన్ని ఏ రికార్డు ఎవరిదో కలిసిపోకుండా పాడినవాళ్ల చేతనే ఆఖర్న పేరు చెప్పించేవి. ఊరూరా తిరిగి ఈ రికార్డులు విరగ్గొట్టినవాడికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. నిన్న మాత్రం చేతికి వచ్చినదాన్ని పెట్టి వినాలని అతనికి తోచలేదు. విరగ్గొట్టడానికి వచ్చినవాడు వినడమెందుకు? అందుకే తన కంపెనీ రికార్డును తానే విరగ్గొట్టి పోయాడు.

సిద్దిరాములు చెప్పడం ఆపి వంగాడు. శేషాచలం పంట్లాము మడత విప్పి దులిపాడు. సిగరెట్టు బూడిద, కాస్త దుమ్ము, వాటితో పాటు గోరంత నల్ల పెంకు నేల మీద పడింది. జేబులోంచి గుడ్డ మూట తీసి, విరిగిన అంచులో ఆ పెంకు పెట్టి చూపించాడు. సరిగ్గా కూర్చుంది.

"పొద్దుగాల బండి దిగినవ్, దుకాణం ఎరుకనే లేదు. నిన్న సందెకాడ ముద్ర వేసిండ్రు. మరి ఇది నీ మడతల ఎట్ల పడ్డది?"

శేషాచలం వెనక్కి జరిగాడు. అమీన్ సాబ్ ఈ పొద్దుటి టికెట్టు చూపించమన్నాడు. అతను చూపించలేదు. తల వంచుకుని, యాకూబు తన చొక్కా పట్టుకున్నాడనీ, వదలమంటే వదల్లేదనీ అన్నాడు.  అమీన్ సాబ్ తనే లేచి ఈరవ్వ బేడీలు విప్పి, ఇటు తెచ్చి ఇతనికి వేశాడు. ఆమెకు మాఫీ చెప్పలేదు కానీ, ఆమె చల్లారిన కప్పు తీసేసి వేడి చాయ్ పోయమని ఘనీతో అన్నాడు.

శేషాచలంలో ఇంకా విషం మిగిలే ఉంది. మెట్లు దిగబోతూ ఈరవ్వ వైపు తిరిగాడు. "నన్ను పట్టిస్తే ఏమొచ్చింది? దేశంలో ఎవరినన్నా అడుగు, అది కనకరత్నం పాటే అంటారు. నీ పేరు ఎవడికి తెలుసు?"

ఈరవ్వ మణికట్లు రాసుకుంటూ లేచి నిలబడింది. "ఎరుక లేకుంటె ఇప్పుడైతది. మీ రికార్డుల లేనిది నా నోట్ల ఉన్నది. ఇనిపో."

ఎర్రదీపం లేదు, గోడకు గడియారం లేదు. నడుం మీద చెయ్యి వేసి, నాటులో ఒడ్డు నుంచి ఒడ్డుకు వినిపించే గొంతుతో ఎత్తుకుంది.

"బేస్తారం నాడు బిగిసి కూసుంటిమే
ఓ పిల్లో, ఒడ్డు మీదనే
ఒక్క చెయ్యి లేవకుంటె ఊరె ఆగెనే
ఓ పిల్లో, దొర దిగెనే"

హోటల్లో వాళ్లు రెండేళ్లుగా ఈ పాట పాడుతున్నవాళ్లే. దొర బురదలో ఎందుకు దిగాడో వాళ్లకు ఇవాళ తెలిసింది. ఒక మూల నుంచి ఎవరో నవ్వారు. రెండోసారి ఎత్తుకునేటప్పటికి పదిమంది అందుకున్నారు. ఘనీ చాయ్ పోయడం మానేసి బల్ల మీద తాళం వేశాడు. అయిదు గంటల బండి కూత వేసింది, అమీన్ సాబ్ శేషాచలాన్ని ముందుకు తోశాడు, వాళ్లు స్టేషను మలుపు తిరిగే దాకా వెనక బేస్తారం వినిపిస్తూనే ఉంది.